మామ్మ ముగ్గు ఎందుకు చిన్నదైంది?

ముందుగా ఒక చిన్న పరీక్ష. కూర్చున్నచోటి నుంచి లేవకుండా జవాబు చెప్పండి. ఈ రోజు పొద్దున మీ గుమ్మం ముందు వేసిన ముగ్గు ఏమిటి? చుక్కలదా, మెలికలదా? ఎవరు వేశారు? నిన్నటి ముగ్గుకూ దీనికీ తేడా ఏమిటి?

చెప్పలేకపోయారా? మరేం ఫర్వాలేదు. రోజూ ఓపీలో వందమందికి తక్కువ కాకుండా రోగుల్ని చూసే నేను కూడా ఒకప్పుడు చెప్పలేకపోయాను. కాకపోతే నా విషయంలో ఆ ముగ్గు మా అమ్మది. అందులో ఆవిడ జబ్బు కనబడుతోంది. నాకు కనిపించనిది తొమ్మిదో తరగతి చదివే పిల్లకు కనిపించింది. దాని చేతిలో ఉన్నదల్లా ఒక గళ్ల నోటుపుస్తకం, పెన్సిలు.

మాది కోనసీమలోని అప్పనపల్లి. బాలబాలాజీ గుడికి వచ్చినవాళ్లకు తెలిసే ఉంటుంది. ఒకవైపు వైనతేయ గోదావరి, మిగతా అంతా కొబ్బరితోటలు. నా ఉద్యోగం వేరే ఊళ్లో. అమ్మ మా తమ్ముడి దగ్గర ఉంటుంది. ఎన్ని పనులున్నా సంక్రాంతికి మాత్రం వెళ్తాను. భోగి ముందురోజు రాత్రి దిగడం, కనుమ మర్నాడు బయల్దేరడం. ఆ మధ్యలో అమ్మకు బీపీ చూడడం, మందుల డబ్బా తిరగెయ్యడం, రక్తపరీక్షల కాగితాలు చదవడం. బీపీ అదుపులో ఉంది. షుగరు లేదు. ‘అమ్మ బాగుంది’ అని నాకు నేనే సర్టిఫికెట్టు ఇచ్చుకునేవాణ్ణి.

అమ్మకు 70 దాటాయి. ధనుర్మాసం నెల్లాళ్లూ తెల్లవారుజామునే కల్లాపి చల్లి వాకిలి నిండా ముగ్గు పెట్టడం కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆవిడ అలవాటు. వాటన్నిటినీ నోటుపుస్తకంలోకి దించుకోవడం తమ్ముడి కూతురి సరదా. రెండేళ్ల కిందట సంక్రాంతికి ఆ పుస్తకం పట్టుకుని నా దగ్గరకొచ్చింది.

‘‘పెదనాన్నా, మామ్మ ముగ్గు చిన్నదైపోయింది’’ అంది.

‘‘పెద్దావిడ కదమ్మా, నడుం వంగొద్దూ’’ అన్నాను. పక్కనే ఉన్న అమ్మ కూడా ‘‘అదేరా, ఈ నడుం ఎక్కడ వంగుతోంది’’ అంది.

పిల్ల ఊరుకోలేదు. రెండు పేజీలు నా ముందు పరిచింది. కిందటేడు 15 చుక్కలు, 8 వచ్చేవరకు. ఈ ఏడు 7 చుక్కలు, 4 వచ్చేవరకు. ‘‘చుక్కలు తగ్గడం సరే పెదనాన్నా, ఇది చూడండి. ఎడమపక్క చుక్కకీ చుక్కకీ మధ్య నాలుగు వేళ్లు పడుతున్నాయి. కుడిపక్కకి వచ్చేసరికి రెండు వేళ్లే. మామ్మ పెడుతూ పెడుతూ ఇరుకైపోతోంది. రోజూ అంతే. కొలిచాను.’’

నాకు గుండె ఝల్లుమంది. నడుం నొప్పి ముగ్గును చిన్నది చేస్తుంది. కానీ ఒకే వరసలో, వేస్తూ వేస్తూ ఉండగా కుదించుకుపోయేలా చెయ్యదు.

అరుగు మీద కూర్చుని చూశాను

మర్నాడు నాలుగున్నరకే లేచి అరుగు మీద కూర్చున్నాను. స్టెతస్కోపు లేదు, బీపీ మిషను లేదు. అమ్మను ఊరికే చూశాను. నడుస్తుంటే ఎడమచెయ్యి మామూలుగానే ఊగుతోంది, కుడిచెయ్యి ఒంటికి అంటుకుని ఉంది. ముగ్గు చిప్ప కింద పెట్టి కాసేపు కూర్చున్నప్పుడు కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు సన్నగా వణుకుతున్నాయి. ముగ్గు అందుకోగానే ఆ వణుకు ఆగిపోయింది. పండగపూట నవ్వుతూ తిరిగే మనిషి ముఖంలో కదలిక తగ్గింది. వంటింట్లోకి వెళ్లాక మరదల్ని అడిగితే, ‘‘ఏడాదిగా అత్తయ్య పోపులో ఇంగువ వేశావా లేదా అని నన్నే అడుగుతున్నారండీ, వాసన తెలియట్లేదంటున్నారు’’ అంది.

ఇవన్నీ ఒక్కచోట పెట్టి చూస్తే వైద్యవిద్యార్థికి కూడా తెలిసే జబ్బు పార్కిన్సన్స్. తర్వాత నరాల వైద్య నిపుణులు పరీక్షించి అదే ఖాయం చేశారు. మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు మెల్లమెల్లగా తగ్గిపోవడం వల్ల వచ్చే సమస్య ఇది. అందులో చేతిరాత చిన్నదైపోవడం ఒక ముఖ్యమైన లక్షణం. దాన్ని మైక్రోగ్రాఫియా అంటాం. వాక్యం పెద్ద అక్షరాలతో మొదలై, గీత చివరికి వచ్చేసరికి చీమల బారులా మారుతుంది. మా అమ్మ ఉత్తరాలు రాసే మనిషి కాదు. ఆవిడ చేతిరాత వాకిట్లో ఉంది. పిల్ల చదివింది. నేను చదవలేదు.

ఇంకో విషయం చెప్పాలి. ఈ జబ్బును 1817లో తొలిసారి వివరంగా రాసిన లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురి గురించి రాశారు. ఆ ఆరుగురిలో కొందరు ఆయన దగ్గరకు వైద్యానికి వచ్చినవాళ్లు కారు. వీధిలో తారసపడినవాళ్లు. ఒకరినైతే దూరం నుంచి చూశారంతే. స్కానింగులు లేని రోజుల్లో, వీధిలో నడిచే మనుషుల నడకను శ్రద్ధగా చూడడం వల్ల ఒక జబ్బు లోకానికి తెలిసింది. 200 ఏళ్లు గడిచినా ఇప్పటికీ ఈ జబ్బును ప్రధానంగా పట్టిచ్చేది రోగిని చూసి చేసే పరీక్షే.

కళ్లు చూసినా మెదడు చూడదు

మరి నాకెందుకు కనిపించలేదు? సమాధానం 2013లో అమెరికాలో ప్రచురించిన ఒక అధ్యయనంలో దొరికింది. 24 మంది అనుభవమున్న రేడియాలజిస్టులకు ఊపిరితిత్తుల సీటీ స్కాన్లు ఇచ్చి, క్యాన్సర్ గడ్డల్లాంటివి ఉంటే వెతకమన్నారు. చివరి స్కాన్‌లో ఒక గొరిల్లా బొమ్మను కావాలనే ఇరికించారు. మామూలు గడ్డ కంటే అది 48 రెట్లు పెద్దది. 24 మందిలో 20 మందికి అది కనిపించలేదు. కళ్ల కదలికల్ని నమోదుచేసే పరికరం పెట్టి చూస్తే, అందులో సగానికి పైగా డాక్టర్ల చూపు సరిగ్గా గొరిల్లా ఉన్న చోటికే వెళ్లిందని తేలింది.

వాళ్లేమీ చేతగానివాళ్లు కారు. మెదడు దేన్ని వెతుకుతుంటే దాన్నే చూపిస్తుంది, మిగతాది వదిలేస్తుంది. అలా వదిలెయ్యకపోతే మనం రోడ్డు కూడా దాటలేం. కానీ అదే పొదుపు ఇంట్లో మనల్ని గుడ్డివాళ్లను చేస్తుంది. నేను అమ్మలో బీపీని వెతికాను. బీపీయే కనిపించింది. మీరు మీ అబ్బాయిలో మార్కుల్ని వెతుకుతుంటే మార్కులే కనిపిస్తాయి. వాడు నాలుగు రోజులుగా సరిగ్గా తినడం లేదన్నది కనిపించదు.

చూపును నేర్పొచ్చు

ఇక్కడే బొమ్మల సంగతి వస్తుంది. శ్రద్ధగా చూడడం పుట్టుకతో వచ్చే వరం కాదు, నేర్చుకుంటే వచ్చే విద్య. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యార్థులను చిత్రకళా ప్రదర్శనశాలకు తీసుకెళ్లారు. ఒక్కొక్కరికి ఒక్కో చిత్రం ఇచ్చి, అర్థం చెప్పొద్దు, కనిపించింది మాత్రం చెప్పమన్నారు. తర్వాత రోగుల ఫొటోలు చూపిస్తే, మామూలు తరగతులకు వెళ్లిన విద్యార్థుల కంటే వీళ్లు ఎక్కువ వివరాలు గుర్తించారు. 2001లో ఈ ఫలితాలు వచ్చాక చాలా వైద్యకళాశాలలు ఇలాంటి పాఠాలు పెట్టుకున్నాయి.

మనకు ఇది కొత్తేమీ కాదు. వందేళ్ల కిందటే రాజమండ్రి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపల్ ఓస్వాల్డ్ కూల్డ్రే విద్యార్థుల్లో బొమ్మలంటే ఇష్టమున్నవాళ్లను చేరదీశారు. చుట్టూ ఉన్న గోదావరిని, పల్లెల్ని, మనుషుల్ని చూసి గీయమని ప్రోత్సహించారు. వాళ్లలో ఒకరు దామెర్ల రామారావు, ఇంకొకరు అడివి బాపిరాజు. దామెర్ల 1925లో మశూచి సోకి, 28 ఏళ్లు నిండకుండానే కన్నుమూశారు. ఈనాడు టీకాతో భూమ్మీద లేకుండా పోయిన జబ్బు అది. రాజమండ్రి వెళ్తే ఆయన పేరుతో ఉన్న చిత్రశాలకు పిల్లల్ని తీసుకెళ్లండి. ఒక్కో చిత్రం ముందు మూడు నిమిషాలు నిలబడండి. రెండో నిమిషంలో విసుగొస్తుంది. మూడో నిమిషంలో కొత్తవి కనిపించడం మొదలవుతుంది.

అంతదూరం వెళ్లలేకపోతే మన చుట్టూ ఉన్నవే చాలు. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి ఊళ్ల నుంచి తరలివచ్చే ప్రభలు చూడండి. వెదురు, రంగుల గుడ్డలు, దారాలతో మనవాళ్లు కట్టే ఆ ప్రభలే 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటమయ్యాయి. బండారులంకలో మగ్గం మీద చీర అంచు ఎలా మలుపు తిరుగుతుందో చూడండి. ఇవన్నీ మనకు అలవాటైపోయి కనిపించడం మానేసిన కళలు.

గీస్తే ఒంట్లో ఏమవుతుంది?

2016లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 39 మంది పెద్దవాళ్లకు రంగులు, మట్టి, కాగితాలు ఇచ్చి 45 నిమిషాలు ఇష్టమొచ్చింది చేసుకోమన్నారు. ముందూ వెనకా లాలాజలం తీసి, ఒత్తిడి సమయంలో పెరిగే కార్టిసాల్ హార్మోన్‌ను కొలిచారు. నూటికి 75 మందిలో అది తగ్గింది. బొమ్మలు వచ్చినవాళ్లకూ, ఎప్పుడూ పెన్సిలు పట్టనివాళ్లకూ పెద్ద తేడా లేదు. చిన్న అధ్యయనమే. బొమ్మలు గీసినవాళ్లను గీయనివాళ్లతో పోల్చి చూడలేదు కూడా. అయినా ‘నాకు రాదు’ అనే మాటకు ఇక్కడ విలువ లేదని తెలుస్తోంది కదా.

పిల్లలున్న తల్లిదండ్రులకు ఇంకోటి. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం ప్రయోగాల్లో, ఒక మాటను పదేపదే రాసినప్పటి కంటే దాని బొమ్మ గీసినప్పుడు బాగా గుర్తుండిపోయింది. బొమ్మ బాగా రాకపోయినా అంతే. గీయాలంటే దాని ఆకారం ఏమిటి, ఏది ఎక్కడుంది అని ఆలోచించాలి. చెయ్యి, కన్ను, ఆలోచన మూడూ ఒకే పనిమీద ఉంటాయి. సైన్సు పుస్తకంలో గుండె బొమ్మను పిల్లలు గీసి నేర్చుకుంటుంటే ‘టైము దండగ’ అనకండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో 3,000కు పైగా అధ్యయనాలను పరిశీలించి, జబ్బులు రాకుండా చూసుకోవడంలోనూ, వచ్చాక తట్టుకోవడంలోనూ కళలు సాయపడతాయని చెప్పింది. సాయపడతాయి అన్న మాటను గుర్తుంచుకోండి. మందులకు బదులు కాదు. బీపీ మాత్ర మానేసి బొమ్మ గీస్తానంటే ఏ డాక్టరూ ఒప్పుకోడు.

‘నాకు గీత కూడా సరిగ్గా రాదండీ’

నాకూ రాదు. అమ్మ జబ్బు బయటపడ్డాక, ఏదో ఒకటి చెయ్యాలని పిల్ల దగ్గరే ఒక పుస్తకం అడిగి తీసుకున్నాను. మొదటిరోజు పెరట్లోకి పోకుండా గదిలో కూర్చుని కొబ్బరిచెట్టు గీశాను. నిటారుగా ఒక కర్ర, పైన గొడుగు. పుట్టినప్పటి నుంచీ కొబ్బరిచెట్ల మధ్య పెరిగినవాడి బొమ్మ అది! పిల్ల నవ్వి, నన్ను ఏటిగట్టుకు తీసుకెళ్లింది.

అక్కడ కూర్చుని చూస్తే నిటారు చెట్టు ఒక్కటీ లేదు. గట్టు మీదవి వెలుతురు కోసం నీళ్లమీదికి వంగి మళ్లీ పైకి లేచాయి. మాను నిండా రాలిన మట్టలు వదిలిన వలయాల మచ్చలు. కొన్నిచోట్ల దూరంగా, కొన్నిచోట్ల దగ్గరగా. పై మట్టలు నిక్కి ఉన్నాయి, నడిమివి పరుచుకున్నాయి, కిందివి వేలాడుతూ ఎండుతున్నాయి. ఆకుపచ్చ అనుకున్న చెట్టులో పసుపు, గోధుమరంగు, బూడిదరంగు కనిపించాయి. అరగంట గడిచిందని తెలియలేదు. ఫోను చూడలేదని కూడా తర్వాతెప్పుడో గుర్తొచ్చింది.

మళ్లీ డ్యూటీకి వెళ్లాక తేడా నాకే తెలిసింది. రోగి తలుపు దగ్గర నుంచి కుర్చీ దాకా వచ్చే ఆ ఆరడుగులూ ఇప్పుడు కాగితంలోంచి తలెత్తి చూస్తున్నాను. చెప్పు ఒకవైపే ఎందుకు అరిగింది? చొక్కా బొత్తాం తప్పుగా ఎందుకు పెట్టుకున్నారు? మాట్లాడేది భార్యే ఎందుకు? ఓపీ సమయం పెరగలేదు. నా చూపు మారింది, అంతే.

ఇలా మొదలుపెట్టండి

• రోజుకు పది నిమిషాలు చాలు. గీతల్లేని నోటుపుస్తకం, ఒక పెన్సిలు. రంగులు తర్వాత కొనుక్కోవచ్చు.

• ఎదురుగా ఉన్నదాన్నే గీయండి. కాఫీ గ్లాసు, చెప్పులజత, కత్తిపీట, నిద్రపోతున్న పిల్లి. ఫోనులో ఫొటో చూసి వద్దు.

• కాగితం కంటే వస్తువును ఎక్కువసేపు చూడండి. రబ్బరు వాడకండి.

• ఒకే వస్తువును వారం పాటు గీయండి. ఏడోరోజు మొదటిరోజు కనిపించనివి కనిపిస్తాయి.

• పెన్సిలు ఇష్టం లేనివాళ్లు ముగ్గు పెట్టండి, పూలు కట్టండి, కుట్టు కుట్టండి. శ్రద్ధ ముఖ్యం.

• ఎవరికీ చూపించాలని లేదు. లైకుల కోసం పెడితే ఒత్తిడి మళ్లీ మొదలు.

ఒంట్లో బాగాలేనివాళ్లకు ఇది మరీ అవసరం. ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ మొదట న్యాయవాది ఆఫీసులో గుమాస్తా. 20 ఏళ్ల వయసులో అపెండిసైటిస్‌తో మంచం పట్టినప్పుడు, పొద్దుపోవడానికి వాళ్లమ్మ రంగులపెట్టె తెచ్చిచ్చింది. అలా చిత్రకారుడయ్యారు. 71 ఏళ్ల వయసులో కడుపు ఆపరేషన్ అయ్యాక చక్రాల కుర్చీకి పరిమితమైతే, కుంచె పక్కనపెట్టి కత్తెర పట్టి రంగుకాగితాలు కత్తిరించారు. ఈరోజు లోకం ఆ కాగితాల బొమ్మల్ని కూడా అంతే మెచ్చుకుంటోంది. చేతికి ఏది సాధ్యమో దాన్నే పట్టుకోవాలి.

పెద్దవాళ్లలో ఇవి చూడండి

రాత లేదా ముగ్గు నానాటికీ చిన్నదవడం, నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగకపోవడం, ఊరికే ఉన్నప్పుడు చెయ్యి వణకడం, వాసన తెలియకపోవడం, గొంతు మెత్తబడడం, ముఖంలో కదలిక తగ్గడం, నిద్రలో కేకలు వేస్తూ చేతులు విసరడం, వదలని మలబద్ధకం. వీటిలో ఏ ఒక్కటో ఉన్నంతమాత్రాన పార్కిన్సన్స్ అని భయపడకండి. ముగ్గు చిన్నదవడానికి కీళ్లనొప్పులు, కంట్లో శుక్లాలు, దిగులు కూడా కారణం కావచ్చు. కానీ రెండు మూడు కలిసి కనిపిస్తే ‘వయసు’ అని సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించండి. పాత సంతకం, కొత్త సంతకం పక్కపక్కన పెట్టి తీసుకెళ్తే మాకు చాలా ఉపయోగం. ఒంటివైపు చెయ్యి, మూతి, మాట ఉన్నట్టుండి మారితే మాత్రం అది పక్షవాతం కావచ్చు. క్షణం ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి.

చుక్కలు మనవరాలివి, ముగ్గు మామ్మది

అమ్మకు లెవోడోపా మాత్రలు, ఫిజియోథెరపీ మొదలయ్యాయి. జబ్బు పూర్తిగా పోయేది కాదు. కానీ పనులు తనే చేసుకుంటోంది. ముగ్గు మాత్రం మానేసింది. ‘‘నా ముగ్గు నాకే నచ్చట్లేదురా’’ అంది. ఆ మాట జబ్బు కంటే ఎక్కువ బాధపెట్టింది.

దీనికీ ఒక దారి ఉంది. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు బయట నుంచి ఒక గుర్తు అందిస్తే కదలిక పెద్దదవుతుంది. నేలమీద అడ్డగీతలు గీస్తే ఆగిపోయిన అడుగు పడుతుంది. గీతల కాగితం మీద ఆ గీతలు తాకేలా రాయమంటే అక్షరం పెద్దదవుతుంది. న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో 2001 నుంచి వీళ్ల కోసం నాట్య తరగతులే నడుస్తున్నాయి. మరి మన ముగ్గులో చుక్కలు ఏమిటి? అవీ గుర్తులే కదా!

ఈ సంక్రాంతికి పిల్ల వాకిట్లో దారం పట్టి, చుక్కకీ చుక్కకీ నాలుగు వేళ్ల దూరం తప్పకుండా తనే చుక్కలు పెట్టింది. 11 చుక్కలు, 6 వచ్చేవరకు. అమ్మ పీట మీద కూర్చుని, చుక్క నుంచి చుక్కకు మెలిక లాగింది. మధ్యలో రెండుసార్లు ఆగింది. గంట పట్టింది. కుడిపక్క కూడా ఎడమపక్కంత విశాలంగా వచ్చింది.

నేను అరుగు మీద కూర్చుని ఆ ముగ్గును నా పుస్తకంలోకి దించుకున్నాను. అయ్యాక అమ్మకు చూపించాను. కళ్లజోడు సవరించుకుని, ఒక మెలిక మీద వేలు పెట్టింది.

‘‘ఇక్కడ తప్పు పోయావు. సరిగ్గా చూడరా’’ అంది.